రిటర్నుల సీజను: తెలుగు ఊళ్లలో పన్ను లెక్కల వృత్తి

ఉద్యోగికి యజమాని జూన్ 15లోగా ఫారం 16 ఇవ్వాలి. జీతగాళ్లు రిటర్ను వేయడానికి మామూలు గడువు జూలై 31. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఆరేడు వారాలే పన్ను లెక్కలు రాసిపెట్టేవాళ్లకు అసలు సీజను. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు అరండల్‌పేటలోనో మేడమీద ఉండే చార్టర్డ్ అకౌంటెంటు ఆఫీసు మొదలుకొని, మండల కేంద్రంలో జిరాక్స్ మెషీను పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకు కూర్చున్న కుర్రాడి దాకా అందరికీ అప్పుడు చేతినిండా పని. బోర్డుల మీద రాతలు ఇంచుమించు ఒకటే: ఐటీ రిటర్నులు, జీఎస్టీ, పాన్ కార్డు, డిజిటల్ సంతకం. లోపల జరిగే పని మాత్రం ఒకటి కాదు.

ఒకప్పుడు ఈ వృత్తి అంటే ఫారం నింపడం. ఇప్పుడు ఆ గళ్లలో చాలావాటిని ప్రభుత్వమే ముందుగా నింపి ఇస్తోంది. జీతం, టీడీఎస్, బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకాలు, భూమి రిజిస్ట్రేషన్లు అన్నీ పాన్ నంబరు కింద పోగుపడి వార్షిక సమాచార నివేదికగా, అంటే ఏఐఎస్‌గా, 2021 నవంబరు నుంచి పోర్టల్లో కనిపిస్తున్నాయి. ఇక మిగిలింది చదవడం. ప్రభుత్వం దగ్గరున్న సమాచారానికీ, మనిషి చెప్పే మాటకీ, అతని పాస్‌బుక్కుకూ పొంతన కుదురుతోందా లేదా అని చూడడం. ఆ చదువుకు ఫీజు తీసుకునేవాళ్లు ఒక తరహా. వచ్చే రిఫండులో వాటా తీసుకునేవాళ్లు ఇంకో తరహా. ఈ రెండో తరహా వల్ల జరిగే నష్టం గురించి తర్వాత చెప్పుకుందాం.

కలకత్తా నుంచి బెంగళూరు దాకా

దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి వైస్రాయి మండలి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ కలకత్తాలో బడ్జెట్టు ప్రవేశపెట్టాడు. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయం మీద 2 శాతం, 500 దాటితే 4 శాతం పన్ను. చట్టం అమల్లోకి వచ్చిన జూలై 24ను ఇప్పుడు ఆదాయపు పన్ను దినంగా జరుపుతున్నారు. విల్సన్ ఆ ఆగస్టులోనే జబ్బుపడి కలకత్తాలో చనిపోయాడు కాబట్టి, తను వేసిన పన్ను వసూలయ్యే తీరును చూసే యోగం అతనికి లేకపోయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కనుక ఆ చట్టాల కిందికే వచ్చాయి. హైదరాబాదు సంస్థానానికి 1357 ఫస్లీ నాటి సొంత ఆదాయపు పన్ను చట్టం ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత చట్టం అక్కడికీ విస్తరించింది.

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, సంస్థ 1949లో వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 1962 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు వృత్తి నడిచిన తీరులో పెద్ద మార్పు లేదు. కట్టలు కట్టిన బిల్లులు, ఎర్ర అట్ట పుస్తకాలు, చలానా కౌంటర్‌ఫాయిళ్లు పట్టుకుని గుమస్తా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లేవాడు. జూలై ఆఖరున ఆదాయపు పన్ను కార్యాలయాల్లో ప్రత్యేక కౌంటర్లు, వాటి ముందు క్యూలు. స్థానిక ఐటీఓతో ముఖపరిచయం ఉండడం కన్సల్టెంటుకు పెద్ద పెట్టుబడి.

ఆ పెట్టుబడి మూడు దెబ్బలకు కరిగిపోయింది. కంపెనీలకు 2006-07 మదింపు సంవత్సరం నుంచి, అయిదు లక్షలు దాటిన ఆదాయానికి 2013-14 నుంచి ఇంటర్నెట్ రిటర్ను తప్పనిసరి అయింది. రిటర్నులన్నిటినీ బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ సెంటర్‌లో కంప్యూటర్లే సరిచూడడం మొదలుపెట్టాయి. 2019 అక్టోబరులో ముఖం చూడని మదింపు విధానం వచ్చింది. కాకినాడ వ్యాపారి కేసు ఏ ఊళ్లో ఏ అధికారి చూస్తున్నాడో ఇప్పుడు కాకినాడ కన్సల్టెంటుకు తెలిసే వీలు లేదు. బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ మెట్లు ఎక్కి మాట్లాడి వచ్చే పని చాలావరకు పోర్టల్లో జవాబు టైపు చేసే పనిగా మారింది. ఇంగ్లీషులో వచ్చే నోటీసుకు ఇంగ్లీషులో పొందికగా జవాబు రాయగలగడమే ఇవాళ అసలు నైపుణ్యం.

2021 జూన్ 7న కొత్త పోర్టల్ వచ్చినప్పుడు మొదటి నెలల్లో అది సతాయించిన తీరు వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మరచిపోలేదు. ఆ ఏడు గడువు డిసెంబరు 31 దాకా వెళ్లింది. గడువు పెంచుతారులే అన్న ధీమా జనంలో అప్పట్నుంచి ఇంకాస్త బలపడింది. 2023లో, 2024లో పెంచలేదు. 2024 జూలై 31 నాటికి 7.28 కోట్ల రిటర్నులు వచ్చాయి. అందులో 69.92 లక్షలు ఆ ఒక్క రోజే. 2025లో మళ్లీ సెప్టెంబరు 15కు, ఆ రాత్రి మరో రోజుకు పెంచారు. ఇంతకీ గడువు దాటితే కట్టాల్సిన రుసుము 5,000 రూపాయలు, మొత్తం ఆదాయం అయిదు లక్షలు మించకపోతే 1,000. బాకీ ఉన్న పన్నుకు నెలకు ఒక శాతం వడ్డీ దానికి అదనం.

ఎవరు ఎవరు

మన దేశంలో ఇంకొకరి రిటర్ను నింపి ఇవ్వడానికి లైసెన్సు అక్కర్లేదు. చాలామందికి తెలియని సంగతి ఇది. అధికారి ముందు క్లయింటు తరఫున హాజరవ్వాలంటే మాత్రం 1961 చట్టం సెక్షన్ 288 చెప్పిన అర్హత ఉండాలి: చార్టర్డ్ అకౌంటెంటు, న్యాయవాది, నిర్ణీత విద్యార్హతలున్న ప్రాక్టీషనరు, లేదా బంధువు, ఉద్యోగి. ట్యాక్స్ ఆడిట్ నివేదిక మీద సంతకం సీఏదే. 2019 నుంచి ఆ సంతకానికి యూడిన్ అనే ప్రత్యేక సంఖ్య కూడా ఉంటోంది. దాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైట్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. జనం నోట మాత్రం సీఏ అయినా కాకపోయినా అందరూ ఆడిటర్ గారే.

వీళ్లు కాక పాత సేల్స్ ట్యాక్స్ ప్రాక్టీషనర్లు ఉన్నారు. అమ్మకపు పన్ను నుంచి 2005లో వ్యాట్‌కు, 2017 జూలై 1న జీఎస్టీకి మారుతూ వచ్చిన తరం వీళ్లది. చిన్న ఊళ్లలో వ్యాపారుల ఐటీ రిటర్నులు కూడా ఎక్కువగా వీళ్ల చేతి మీదుగానే వెళ్తాయి, ఎందుకంటే అమ్మకాల అంకె ముందు తెలిసేది వీళ్లకే. స్థానిక జ్ఞానానికి వీళ్ల దగ్గర ఎంత విలువ ఉంటుందో చూడాలంటే సరిహద్దు దాటాలి. సరుకుల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఏడాదికి 30 లక్షల అమ్మకాలున్న కిరాణా కొట్టు జగ్గయ్యపేటలో ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్కనే ఉన్న కోదాడలో ఉంటే కావాలి.

ప్రభుత్వం కూడా ఒక ప్రయత్నం చేసింది. 2006లో ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్ పథకం పెట్టి, డిగ్రీ చదివిన యువకులకు శిక్షణ ఇచ్చి, చిన్న పన్నుదార్ల దగ్గరికి పంపింది. ప్రిపేరరు క్లయింటు దగ్గర 250 రూపాయలకు మించి తీసుకోకూడదు. కొత్తగా రిటర్ను వేయించిన మనిషి కట్టిన పన్నులో మొదటి ఏడు 3 శాతం, రెండో ఏడు 2, మూడో ఏడు 1 శాతం, వెయ్యి రూపాయలకు మించకుండా, ప్రభుత్వమే ఇస్తుంది. గమనిస్తే, ఇక్కడ ప్రతిఫలం కట్టిన పన్నును బట్టి. ఇవాళ వాట్సాప్‌లో తిరిగే రిఫండు ప్రకటనల్లో ప్రతిఫలం వెనక్కి తెప్పించిన పన్నును బట్టి.

సీఏలకు ఈ రెండు దారులూ లేవు. ఫలితంలో శాతం వాటాగా ఫీజు తీసుకోవడాన్ని వాళ్ల చట్టం వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూస్తుంది. కొద్దిపాటి మినహాయింపుల్లో రిఫండు లేదు. ప్రకటనల మీదా కట్టడి ఉంది. కాబట్టి కరెంటు స్తంభానికి వేలాడే రిఫండు గ్యారంటీ బోర్డు వెనక ఉన్నది సీఏ అయ్యే అవకాశం తక్కువ.

మాస్టార్ల ఎక్సెల్ షీట్లు

రిటర్నుల సీజను జూన్ మధ్యలో మొదలైనా, తెలుగు రాష్ట్రాల్లో పన్ను లెక్కల హడావిడి జనవరిలోనే మొదలవుతుంది, అదీ ప్రభుత్వ పాఠశాలల స్టాఫ్ రూముల్లో. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాది ఆదాయం, మినహాయింపులు, కట్టాల్సిన పన్ను చూపే స్టేట్‌మెంటు జీతం బిల్లు పెట్టే అధికారికి (డీడీఓకు) ఇవ్వాలి. అది లేకపోతే ట్రెజరీలో బిల్లు ఆగుతుంది. ఈ అవసరం నుంచి పుట్టినవే మాస్టార్లు మాస్టార్ల కోసం తయారుచేసిన ఎక్సెల్ సాఫ్ట్‌వేర్లు. పేరు, ట్రెజరీ ఐడీ, మూలవేతనం, ఇంక్రిమెంటు నెల, డీఏ బకాయిలు వేస్తే చాలు, పన్నెండు నెలల జీతం పట్టిక దానంతటదే పరుచుకుంటుంది. ఏపీజీఎల్ఐ లేదా టీఎస్‌జీఎల్ఐ, జీపీఎఫ్, జీఐఎస్, సీపీఎస్ వాటాలు వాటి వాటి గళ్లలోకి వెళ్తాయి. నెలకు 200 చొప్పున కోసిన వృత్తి పన్ను కూడా. అనెక్జర్లు, ఫారం 16 నమూనా, 10ఈ పట్టిక ప్రింటు తీసి సంతకం పెట్టడమే. డబ్బు తీసుకోకుండా తోటివారికి పంచే ఈ షీట్లు జీతగాళ్ల పన్ను లెక్కను లక్షలు ఖర్చుపెట్టి వేసే ప్రకటనలకన్నా ఎక్కువగా జనానికి నేర్పాయని చెప్పవచ్చు.

వాటిలో చిక్కులూ ఉన్నాయి. వేతన సవరణ (పీఆర్సీ) బకాయిలు ఒకేసారి చేతికి వచ్చిన ఏడాది పన్ను ఎక్కువ పడుతుంది. సెక్షన్ 89 కింద ఆ బకాయిలను అవి చెందిన సంవత్సరాలకు సర్ది ఊరట పొందవచ్చు. డీడీఓ కాగితం మీది 10ఈ చూసి పన్ను తగ్గించి కోస్తారు. కానీ అదే ఫారాన్ని పోర్టల్లో విడిగా వేయకపోతే బెంగళూరు కంప్యూటరు ఆ ఊరటను కొట్టేసి బాకీ చూపిస్తుంది. ఉపాధ్యాయులకు వచ్చే డిమాండు నోటీసుల్లో ఇది పాత కథ.

అద్దె ఇంకో కథ. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు మినహాయింపు కావాలంటే ఇంటి యజమాని పాన్ చూపాలి. అందుకని మినహాయింపులుండే పాత పన్ను విధానంలో ఎన్నో స్టేట్‌మెంట్లలో అద్దె నెలకు 8,300 దగ్గర ఆగిపోతుంది. దానివల్ల ఎంత లాభమో లెక్క కడితే నవ్వొస్తుంది. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 60,000 ఉన్న మాస్టారికి ఏడాది అద్దె 99,600. అందులోంచి జీతంలో పదో వంతు, అంటే 72,000, తీసెయ్యాలి. మినహాయింపుగా మిగిలేది 27,600. హైదరాబాదులో ఉంటే సగం జీతం దాకా మినహాయింపు వస్తుందని మరికొందరి నమ్మకం. 1962 నాటి నియమాల్లో ఆ వెసులుబాటు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాదుకు 40 శాతమే.

2025-26 నుంచి ఈ కాగితాల హడావిడి చాలావరకు తగ్గింది. కొత్త విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల జీతం దాకా అంతే. ఎల్ఐసీ రసీదులు, స్కూలు ఫీజుల బిల్లులు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. అయితే మాస్టారి పేరున నాలుగెకరాలుండి, కౌలు ఏడాదికి 5,000 దాటితే ఆయన సహజ్ అనే తేలిక ఫారం వాడకూడదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా దాన్ని చూపడానికి ఐటీఆర్-2 కావాలి. స్టాఫ్ రూమ్ ఎక్సెల్ షీటు ఈ సంగతి చెప్పదు.

హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు తరచు పడే గోయి వేరు. ఏడాది మధ్యలో కంపెనీ మారితే, పాత జీతం సంగతి చెప్పనంతవరకు, రెండు కంపెనీలూ ఎవరికి వారే మొదటి నాలుగు లక్షలను పన్ను లేని శ్లాబులో పెట్టి, స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఎవరికి వారే ఇస్తారు. రెండు ఫారం 16లు కలిపి చూసేసరికి పన్ను తక్కువ కోసినట్టు తేలుతుంది. రిఫండు వస్తుందని వచ్చిన మనిషి వడ్డీతో సహా చలానా కట్టి వెళ్తాడు.

లారీ, మిర్చి, కమీషను

చిన్న వ్యాపారికి చట్టం ఇచ్చిన పెద్ద వెసులుబాటు ఉజ్జాయింపు ఆదాయం. అమ్మకాలు రెండు కోట్లలోపు ఉంటే, నగదు వసూళ్లు అయిదు శాతంలోపు అయితే మూడు కోట్ల దాకా, సెక్షన్ 44ఏడీ కింద నగదు అమ్మకాల్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినవాటిలో 6 శాతం లాభంగా చూపితే చాలు, పుస్తకాలు రాయనక్కర్లేదు. డాక్టర్లు, ఇంజినీర్లవంటి వృత్తులవాళ్లకు వచ్చినదాంట్లో సగం.

లారీలకు మరో లెక్క. పదికి మించకుండా లారీలున్న యజమానికి, ఒక్కో బరువైన లారీకి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయలు ఆదాయంగా భావిస్తారు. 28 టన్నుల లారీ అయితే నెలకు 28,000, ఏడాదికి 3,36,000. రెండు లారీలకు 6,72,000. కిరాయి ఎంత వచ్చిందో, డీజిలుకు ఎంత పోయిందో ఎవరూ అడగరు. విజయవాడ, సూర్యాపేట వైపు లారీ యజమానులకు ఇది కొట్టిన పిండి. ఫైనాన్సు కంపెనీ తర్వాతి బండికి అప్పు ఇచ్చేటప్పుడు ఈ రిటర్నులనే చూస్తుంది. పన్ను సున్నా అయినా ఏటా రిటర్ను వేయించుకునే అలవాటు వీళ్లలో అందుకే ఎక్కువ.

ఇక గుంటూరు మిర్చి యార్డు. రైతుకూ కొనేవాడికీ మధ్యన ఉండే కమీషను ఏజెంటు వేల టిక్కీల సరుకు తూకం వేయిస్తాడు, కానీ అతని ఆదాయం కమీషనే. కమీషను, బ్రోకరేజి ఆదాయాలకు 44ఏడీ వర్తించదు. ఆరు శాతం వేసి, ఉజ్జాయింపు ఆదాయానికి వాడే సుగమ్ ఫారంలో పంపేస్తే కంప్యూటరు పట్టకపోవచ్చు, తర్వాత ఎప్పుడో పరిశీలనలో పట్టుబడుతుంది. యార్డు చుట్టుపక్కల ఆఫీసు పెట్టుకున్న ప్రాక్టీషనరుకు ఇది తెలిసినంత బాగా యాప్‌లో రిటర్ను వేసే దూరపు సంస్థకు తెలియదు. స్థానిక సేవకు ఇంకా గిరాకీ ఉండడానికి ఇలాంటివే కారణం.

భూమి అమ్మిన ఏడాది

జీవితమంతా రిటర్ను గొడవ లేని రైతు కుటుంబం ఆడిటర్ గారి గుమ్మం ఎక్కేది భూమి అమ్మినప్పుడు. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు, దాని అమ్మకం మీద పన్ను లేదు. గ్రామీణమా కాదా అన్నదే పేచీ. మున్సిపాలిటీ హద్దు నుంచి గాలిదారిన కొలిస్తే ఎంత దూరం అన్నది చూస్తారు: జనాభా పది వేలు దాటి లక్షలోపు ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షలలోపు అయితే 6, ఆపైన 8. రోడ్డు మీద పదకొండు కిలోమీటర్లున్న ఊరు గాలిదారిన ఏడున్నరే కావచ్చు. అందుకని కాగితాలు ముందే పోగుచేసుకోవాలి: దూరానికి ధ్రువపత్రం, సాగు చేసినట్టు ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ. తెలంగాణలో భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి కాబట్టి పాత సంవత్సరాల నకళ్లు విడిగా దాచుకోవడం తెలివైన పని. అమ్మేముందే వ్యవసాయేతర భూమిగా మార్పించి ప్లాట్లు చేస్తే ఈ మినహాయింపు మీద ఆశ వదులుకోవాలి.

పన్ను పడే భూమి అయితే, 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు దీర్ఘకాలిక లాభంలో 12.5 శాతం. అంతకు ముందు కొన్న ఆస్తికి ధరల సూచీ సర్దుబాటు చేసుకుని 20 శాతం కట్టే దారి కూడా, ఏది తక్కువైతే అది, ఇక్కడ నివసించే వ్యక్తులకు ఉంది. ఇక్కడ 12 లక్షల రిబేటు ఆదుకోదు. జీతానికి పన్ను లేకపోయినా భూమి లాభానికి ఉంటుంది. ముప్పై లక్షలు, ఆపైన జరిగే ప్రతి రిజిస్ట్రేషన్నూ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఆదాయపు పన్ను శాఖకు తెలుపుతుంది. బయానా నగదుగా పుచ్చుకునే మన అలవాటుకు కూడా చట్టంలో జవాబుంది: స్థిరాస్తి అమ్మకంలో 20,000, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పడవచ్చు.

అమరావతి రైతులది ప్రత్యేక ఏర్పాటు. రాజధాని భూసమీకరణలో భూములిచ్చినవాళ్ల కోసం 2017లో సెక్షన్ 10(37ఏ) చేర్చారు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమికి యజమానిగా ఉన్నవారికి, సమీకరణలో ఇచ్చిన భూమి మీదా, తమకు వచ్చిన ప్లాటును స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మితే దాని మీదా లాభానికి పన్ను లేదు. తర్వాత ఆ ఊళ్లలో భూమి కొని సమీకరణకు ఇచ్చినవాళ్లకు ఈ మినహాయింపు రాదు. తుళ్లూరు చుట్టుపక్కల ప్లాటు అమ్మేవాళ్ల కాగితాల్లో ప్రాక్టీషనరు మొదట వెతికేది ఈ రెండు తేదీలనే.

రిఫండులో వాటా

కథ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఆఫీసులో ఒకరికి అరవై వేలు వెనక్కి వస్తాయి. ఎవరు చేశారని అడుగుతారు. నంబరు చేతులు మారుతుంది. అవతలివాడు పాన్, ఆధార్, పాస్‌వర్డు, ఓటీపీ అడుగుతాడు. రశీదులేమీ అడగడు. లేని ఇంటి అద్దె, లేని విద్యారుణం, రాజకీయ పార్టీకి ఇవ్వని చందా, ఇంట్లో ఎవరికీ లేని జబ్బు రిటర్నులో ప్రత్యక్షమవుతాయి. రిఫండు పడగానే వాటా పంపాలి.

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఇలాంటివాళ్ల మీద తనిఖీలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులు వెనక్కి తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అప్పుడు చెప్పింది. అదే ప్రకటనలో ఇంకో సంగతి ఉంది. కొందరు ప్రిపేరర్లు రిటర్నులు టోకున పంపడానికి తాత్కాలిక ఈమెయిలు ఖాతాలు తెరిచి, తర్వాత వాటిని వదిలేశారు. నోటీసులు ఆ ఖాతాల్లోకి వెళ్లి చదివేవాళ్లు లేక పడి ఉన్నాయి. పన్నుదారుకు తన మీద కేసుందన్న సంగతే ఆలస్యంగా తెలిసింది.

లెక్క ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి. అబద్ధపు మినహాయింపుతో 60,000 తీసుకున్న ఉద్యోగి ఆ సొమ్ము వడ్డీతో తిరిగి కట్టడమే కాక, ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు ఎగవేసిన పన్నుకు రెండింతలు, అంటే 1,20,000, జరిమానా కట్టాల్సి రావచ్చు. తప్పుడు ధ్రువీకరణకు జైలు శిక్ష వేసే సెక్షన్ కూడా ఉంది. మధ్యవర్తి తీసుకున్న వాటా తిరిగి ఇవ్వడు. రిటర్ను అడుగున ధ్రువీకరణ పన్నుదారుదే, ఆధార్ ఓటీపీయే ఆ సంతకం. ఫోనులో అంకెలు చదివి వినిపించడం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడం లాంటిది. రిటర్ను పంపిన 30 రోజుల్లో ఈ ధ్రువీకరణ జరగకపోతే గడువులోగా వేసిన రిటర్ను కూడా ఆలస్యపు లెక్కలోకి పోతుంది కాబట్టి ఓటీపీ ఇవ్వక తప్పదు. ఇచ్చేముందు రిటర్ను నకలు తెప్పించుకుని, మినహాయింపుల పేజీలో ఉన్న ప్రతి అంకెకూ ఇంట్లో కాగితం ఉందో లేదో చూసుకోవాలి. పోర్టల్లో ఉన్న ఈమెయిలు, ఫోను నంబరు తనవేనా అన్నది కూడా.

మంచి ప్రిపేరరు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. బ్యాంకు ఖాతాలు ఎన్ని, జాయింటు డిపాజిటులో మొదటి పేరు ఎవరిది (వడ్డీ ఆ పాన్ కిందే కనిపిస్తుంది), షేర్లు, క్రిప్టో ఏమైనా ఉన్నాయా, పిల్లలు విదేశాల్లో ఉన్నారా, ఈ ఏడు అక్కడికి వెళ్లొచ్చారా. చివరి ప్రశ్న కుశలం కోసం అడిగేది కాదు. తన కోసమో మరొకరి కోసమో విదేశీ ప్రయాణానికి రెండు లక్షలు దాటి ఖర్చు పెట్టినవారు ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాలి. అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్లొచ్చిన తల్లిదండ్రులు ఎందరో ఈ నిబంధన కిందికి వస్తారు.

డల్లాస్, న్యూజెర్సీ, హైదరాబాదు

పిల్లల చదువుకు సొంత డబ్బు పంపే ఇళ్లలో మరో పద్దు ఉంటుంది. 2025-26లో ఏడాదికి పది లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 5 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. విద్యారుణంతో పంపితే పట్టదు. పట్టిన సొమ్ము పన్నుకు జమే, కానీ రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది. వీసా కోసం రిటర్నులు వేయించుకున్న తండ్రులు దీన్ని మరచిపోయి వదిలేస్తుంటారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు సీజను జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా. ఫారం 4868 వేస్తే రిటర్నుకు అక్టోబరు 15 దాకా వ్యవధి దొరుకుతుంది, పన్ను కట్టడానికి మాత్రం దొరకదు. అక్కడ డబ్బు తీసుకుని రిటర్ను చేసే ప్రతివారికీ అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ నంబరు ఉండాలి, రిటర్ను మీద సంతకం చేయాలి. ఎఫ్-1 విద్యార్థులు మొదటి అయిదేళ్లు సాధారణంగా 1040 కాక 1040-ఎన్ఆర్ వేయాలి. భారత-అమెరికా ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, చాలా దేశాల విద్యార్థులకు అది లేదు. అక్కడ పన్ను దృష్టిలో నివాసి అయినవాళ్ల ఊళ్లోని బ్యాంకు ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. నాన్నతో జాయింటుగా ఉన్న ఫిక్సెడ్ డిపాజిటు కూడా ఆ లెక్కలోదే. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకైతే ఇంకా కఠినమైన ఫారాలున్నాయి.

ఆ రిటర్నుల్లో కొన్ని తయారయ్యేది హైదరాబాదులోనే. అమెరికా అకౌంటింగ్ సంస్థల భారత కార్యాలయాల్లో, వాటికి పనిచేసే చిన్న సంస్థల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రి షిఫ్టులు నిండుగా ఉంటాయి. క్లయింటు సమాచారం దేశం దాటించేముందు అమెరికా చట్టం ప్రకారం అతని రాతపూర్వక సమ్మతి కావాలి. హెచ్-1బీ ఉద్యోగులకు ఫోను చేసి పెద్ద రిఫండు చూపిస్తామనే తెలుగు గొంతులు ఆ సమ్మతి పత్రం పంపకపోతే, సంతకం పెట్టేదెవరో చెప్పకపోతే, వేరే మనిషిని చూసుకోవడం మంచిది. ప్రవాసులు ఇక్కడ ఫ్లాటు అమ్మినప్పుడు కొనేవాడు ధర మొత్తం మీద టీడీఎస్ పట్టి కట్టాలి. లాభం కొద్దిగానే ఉంటే ముందుగా తక్కువ కోతకు అధికారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. ఆ దరఖాస్తు రిజిస్ట్రేషనుకు నెలలు ముందే పెట్టాలి.

ఇక మన దేశంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 536 సెక్షన్ల కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే జంట పోయి పన్ను సంవత్సరం ఒక్కటే ఉంటుంది. 2025-26 ఆదాయానికి 2026లో వేసే రిటర్నులు మాత్రం పాత చట్టం కిందివే. కొత్త చట్టం కింద తొలి రిటర్నులు 2027లో మొదలవుతాయి. మరచిపోయిన ఆదాయాన్ని అదనపు పన్నుతో చూపించే అప్‌డేటెడ్ రిటర్నుకు ఇప్పుడు 48 నెలల వ్యవధి ఉంది కనుక, ఆడిటర్ల బల్లల మీద పాత చట్టం పుస్తకం 2031 మార్చి దాకా కొత్తదాని పక్కనే ఉండక తప్పదు.